గోత్రం అడిగే టెండర్లు

మన పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న గోత్రం. అబ్బాయికి ఉద్యోగం ఉందా, తాగుడుందా అన్న కబుర్లు కాఫీలయ్యాక. సర్కారువారు రోగపరీక్ష కిట్లు కొనే తీరూ ఇదే. కిట్టు నిజం చెబుతుందా, అబద్ధమాడుతుందా అన్నది తాపీగా చూసుకోవచ్చు. ముందు నీది ఏ దేశం, నీలో మన వాటా ఎంత, మాకూ మీకూ పొలం గట్టు తగాదా ఏమైనా ఉందా?

2017 జూన్‌లో కేంద్రం 'మేక్ ఇన్ ఇండియా' కొనుగోళ్ల ఆర్డరు తెచ్చింది. 2020లో దాని పట్టు బిగించింది. సరుకు విలువలో ఇక్కడిది 50 శాతం, ఆపైన ఉంటే ఫస్ట్‌క్లాసు స్వదేశీ. 20 నుంచి 50 లోపైతే సెకండ్‌క్లాసు స్వదేశీ. అదీ లేకపోతే పరాయివాడు, ప్లాట్‌ఫారం దిగి నిలబడాలి. 200 కోట్ల లోపు కొనుగోలుకు గ్లోబల్ టెండరు పిలవడమే మామూలుగా కుదరదు.

బాగానే ఉంది. మరి ఆ శాతం కొలిచేదెవరు? అమ్మేవాడే. 'మా సరుకులో దేశభక్తి ఇంత శాతం' అని కాగితం రాసిస్తాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఆఫీసు ఆ కాగితాన్ని ఫైల్లో కట్టేస్తుంది. కొనుగోలు 10 కోట్లు దాటితే మాత్రం ఆడిటరు సంతకం కావాలి. అంటే మలేరియా స్ట్రిప్పు జాతీయతను తేల్చే నిపుణుడు చార్టర్డ్ అకౌంటెంటు. సంతకమయ్యాక అది మలేరియాను పట్టుకుంటే మన అదృష్టం.

లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. మొత్తం ధరలోంచి దిగుమతి చేసిన భాగాల విలువ తీసేస్తే మిగిలిందంతా స్వదేశీ. దిగుమతి ముక్క ధర మారకుండా అమ్మకం ధర పెరిగితే ఏమవుతుంది? స్వదేశీ శాతం పెరుగుతుంది. లాభం ఎంత లావెక్కితే దేశభక్తి అంత పుష్టిగా కనిపిస్తుంది. ఇలాంటి సూత్రం గాంధీగారికి తట్టలేదు, పాపం రాట్నం ముందు అన్నేళ్లు కూర్చున్నారు. విదేశీ సరుకు తెచ్చి అమ్ముతూ రవాణా, బీమా, బిగింపు, శిక్షణ ఖర్చుల్ని స్వదేశీ విలువగా చూపించొద్దని 2021 మార్చిలో కేంద్రం ప్రత్యేకంగా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఊరికే ఎందుకిస్తారు? లారీ కిరాయిని వందేమాతరం ఖాతాలో రాసిన మహానుభావులు ఎక్కడో ఉండే ఉంటారు.

ర్యాపిడ్ పరీక్ష స్ట్రిప్పు ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. అడుగు పొడవున, రెండు మూడంగుళాల వెడల్పున ఒక షీటు ఉంటుంది. ఈ రంగంలో వాళ్లు దాన్ని అన్‌కట్ షీట్ అంటారు. నైట్రోసెల్యులోజ్ పొర, దాని మీద కంటికి కనబడకుండా గీసిన యాంటీబాడీ గీతలు, పక్కన బంగారు రేణువులు పట్టించిన మెత్త, అన్నీ అందులోనే. (అవును, బంగారమే. పరీక్షలో మీరు చూసే ఎర్రగీత చాలా కిట్లలో బంగారపు రంగే. నానో సైజుకు దిగితే బంగారం ఎర్రబడుతుంది.) విద్యంతా ఆ షీటులో ఉంది. తర్వాత మిగిలింది దాన్ని నాలుగేసి మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ డబ్బీలో నొక్కి, తేమ పీల్చే గుళికల సంచీతో కలిపి రేకు కవర్లో అతికించడం. షీటును మన గడ్డ మీదే కనిపెట్టి, గీసి, పరీక్షించి అమ్మేవాళ్లున్నారు. వాళ్లకు దండం పెట్టాలి. షీటును సముద్రం దాటించి తెచ్చి ఇక్కడ కత్తెరేసేవాళ్లూ ఉన్నారు. ఇది దత్తత. దత్తుడు రాత్రికి రాత్రే గోత్రం మార్చుకుంటాడు, ఆడిటరు పురోహితుడు, పెట్టె మీద మూడు రంగుల చార అక్షింతలు.

2020 ఏప్రిల్ సంగతి ఎవరూ మర్చిపోలేదనుకుంటాను. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ రెండు చైనా కంపెనీల నుంచి 5 లక్షల కోవిడ్ యాంటీబాడీ కిట్లు తెప్పించి రాష్ట్రాలకు పంచింది. కచ్చితత్వం 90 శాతం ఉంటుందనుకుంటే 5.4 దగ్గరే ఆగిందని రాజస్థాన్ గోలపెట్టింది. బొమ్మాబొరుసూ వేసినా సగం నిజం దక్కేది. వాడకం ఆపమని ఏప్రిల్ 21న, వెనక్కి పంపమని 27న ఐసీఎంఆర్ చెప్పింది. ఇంకా డబ్బు కట్టలేదు కాబట్టి ఒక్క రూపాయి నష్టం లేదని కేంద్రం ఊపిరి పీల్చుకుంది. ఈలోగా వ్యాపారుల తగాదా ఢిల్లీ హైకోర్టుకెక్కడంతో అసలు లెక్క బయటపడింది. ఇక్కడికి చేరేసరికి కిట్టుకయిన ఖర్చు 245, సర్కారుకు చెప్పిన ధర 600. కోర్టు 400 దాటొద్దంది. ఇందాకటి సూత్రం వేసి చూడండి. 600లో 355 రూపాయలు మనవాళ్ల చేతుల్లోనే పుట్టాయి, సగానికి పైనే! ఇంతకన్నా ఫస్ట్‌క్లాసు స్వదేశీ ఎక్కడ దొరుకుతుంది?

ఆ కిట్లకు పుణె వైరాలజీ సంస్థ ఎన్ఐవీ పచ్చజెండా ఊపిందన్న సంగతి మాత్రం జనం త్వరగా మర్చిపోయారు. యాంటీబాడీలు రోగం వచ్చి వారం పది రోజులయ్యాక గానీ సరిగా పుట్టవు. ఆ పరీక్ష కొత్తగా జ్వరం వచ్చినవాడి మీద పనికిరాదు. దిగిన ప్రతి లాటులోంచి నాలుగు పెట్టెలు తీసి పరీక్షించాకే జిల్లాలకు పంపి ఉంటే సగం గొడవ గోడౌన్లోనే తేలేది. ఇలాంటి పాఠాలు నేర్చుకోవడం కష్టం. తేలికైన పాఠం జులై 23న నేర్చుకున్నాం.

మా అమ్మమ్మ తాతయ్య పేరు పలికేది కాదు. రేషన్ కార్డు గుమస్తా ఇంటి యజమాని పేరు అడిగితే పక్కింటావిడ చెప్పాల్సిందే. జులై 23 నాటి కేంద్రం ఆర్డరు మా అమ్మమ్మ దగ్గరే శిక్షణ పొందింది. 'భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాల' బిడ్డర్లు ముందు రిజిస్టరు చేసుకుని, హోం, విదేశాంగ శాఖల అనుమతి తెచ్చుకోవాలట. ఏ దేశమో పేరు లేదు, సిగ్గు. మనం అప్పులో, అభివృద్ధి సాయమో ఇస్తున్న దేశాలకు మినహాయింపు ఉంది కాబట్టి నేపాల్, భూటాన్ సిరంజీలంటే భయం కాదని తేలిపోయింది. మిగిలిన పొరుగాయన ఎవరో పక్కింటావిడే చెప్పాలి. అసలు చమత్కారం ఇంకోటుంది. కోవిడ్ కట్టడికి కొనే వైద్య సామగ్రికి ఆ ఏడాది డిసెంబరు 31 దాకా ఆర్డరు వర్తించదన్నారు. అంటే ఏ కిట్లు పరువు తీశాయో ఆ కిట్లకే తలుపు బార్లా తీసి, మిగతా వాటికి గొళ్లెం పెట్టారు.

మనవాళ్ల కథా అదే ఏప్రిల్లో నడిచింది. ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొరియా నుంచి ప్రత్యేక విమానంలో లక్ష కిట్లు తెప్పించింది. అప్పటి ముఖ్యమంత్రే మొదట పరీక్ష చేయించుకున్నారు. కిట్టు 730. వాటిని తయారుచేసిన కంపెనీయే హర్యానాలోని మనేసర్ ఫ్యాక్టరీ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు 337కు ఇచ్చింది, పన్ను అదనం. దేశంలో ఎవరికి తక్కువకిస్తే మాకూ అదే ధర అని ముందే షరతు పెట్టామని ఆంధ్ర సర్కారు చెప్పుకుంది. మంచి షరతే. ఇప్పుడు ఆ కిట్టు గోత్రమేమిటో చెప్పండి. విమానమెక్కితే విదేశీ, లారీ ఎక్కితే స్వదేశీ.

ఇక్కడ తయారవడం మంచిదే, దాన్ని కాదన్నదెవరు? గోవా కంపెనీ ట్రూనాట్ యంత్రం క్షయ పరీక్షకు అలాగే నిలబడింది. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అడగదు, మండల కేంద్రంలో కూర్చుని గళ్ల పరీక్ష చేసిపెడుతుంది. ముందు ఐసీఎంఆర్ దాన్ని అరగదీసి చూసింది, 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సరేనంది. పరీక్ష రాసి పాసైన పిల్ల, సిఫారసు ఉత్తరం మీద వచ్చింది కాదు. నిషేధం ఎలా పెట్టాలో కూడా మనకు ఒకప్పుడు తెలుసు. క్షయను రక్తంలో యాంటీబాడీలతో పట్టేస్తామంటూ వచ్చిన కిట్లు, బయటి దేశాలవి ఎక్కువ, వేలమందికి లేని రోగం అంటగట్టి, ఉన్న రోగం దాచాయి. వాటిని వాడొద్దని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, 2012 జూన్‌లో మన కేంద్రం దిగుమతితో పాటు ఇక్కడి తయారీనీ, అమ్మకాన్నీ నిషేధించింది. గోత్రం అడగలేదు. అబద్ధమాడే కిట్టు ఎవరింటిదైనా అబద్ధాలకోరే అంది. ఆ గజెట్టు ఏ బీరువాలో నిద్రపోతోందో.

మొన్న జ్వరాల రోజుల్లో ఒక పల్లె ఆస్పత్రికి వెళ్లాను. ల్యాబ్ గది కిటికీలో, ఎండ పడేచోట, కిట్ల పెట్టె. 30 డిగ్రీలు దాటకూడదని దాని మీదే అచ్చేసి ఉంది. అది చదివితే మే నెలలో రెంటచింతల నవ్వుకుంటుంది. పాతిక పరీక్షల పెట్టెలో బఫర్ ద్రావణం సీసా ఒక్కటి, పద్దెనిమిదో పరీక్షకే ఖాళీ అయిందట. బెంచీ మీద ఓ పెద్దాయన వేలు చాపుకుని కూర్చున్నాడు. ల్యాబ్ అమ్మాయి సూది గుచ్చింది, రక్తం వేసింది, చుక్కలు లెక్కపెట్టి బఫర్ వేసింది. పావుగంట. రోగం గీత సంగతి అలా ఉంచి, కిట్టు బతికే ఉందని చెప్పే కంట్రోల్ గీత కూడా రాలేదు. ఇంకోటి చింపింది. అదీ అంతే.

"ఇవి మనవేనా అమ్మా, బయటివా?" అన్నాను.

ఆమె పెట్టె తిప్పి చూసింది. "జెండా ఉంది సార్. గీతే లేదు."

మూడో కవరు చింపుతూ పెద్దాయన వైపు తిరిగింది. "తాతా, ఇంకో వేలియ్యి."