జీరో చూసుకోండి సార్!

పెట్రోలు బంకులో తెలుగువాడంత అప్రమత్తంగా ఉండే ప్రాణి ఇంకోటి లేదు. ఇంట్లో గ్యాస్ కట్టేశామో లేదో గుర్తుండదు గానీ, బంకులో కారు ఆగగానే మెడ సారించి మీటరు వైపు చూస్తాడు. కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు. చూస్తాం. కళ్లజోడు సర్దుకుని మరీ చూస్తాం. వెనక సీట్లో కునుకు తీస్తున్నవాళ్లు కూడా ఒక కన్ను తెరిచి, సున్నా చూసి, మళ్లీ మూసుకుంటారు. అది సున్నాయేనని కుటుంబమంతా ఒప్పుకున్నాకే పోయనిస్తాం. గొట్టంలోంచి వచ్చేదేమిటో మాత్రం ఎవరూ చూడరు.

మా బావగారు ఈ విద్యలో పండితులు. బంకులో మనకున్న హక్కులన్నీ ఆయనకి కంఠతా. తూనికలు, కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. కల్తీ అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ ఇవ్వాలి. టైర్లకి గాలి ఉచితం, తాగడానికి నీళ్లు ఉచితం, మరుగుదొడ్డి ఉచితం. చివరి మూడూ వాడుకోకుండా ఆయన ఏ బంకూ దాటరు. తనకి అవసరం లేకపోతే అక్కనైనా దిగి వెళ్లి రమ్మంటారు.

ఆయన కారు డీజిల్‌ది. 2012లో కొన్నారు. అప్పటికి పెట్రోలు ధరని ప్రభుత్వం గాలికొదిలేసింది, డీజిల్‌ని మాత్రం ఇంకా చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. లీటరుకి ముప్పై రూపాయల దాకా తేడా. ఆ తేడా చూసుకుని కారు కొన్నవాళ్లు దేశంలో లక్షల మంది. 2014 అక్టోబరులో డీజిల్ చెయ్యీ వదిలేశారు. తేడా చాలావరకు కరిగిపోయింది. 2020లో మారుతి కంపెనీ డీజిల్ కార్లు చెయ్యడమే మానేసింది. బావగారు మాత్రం ఇప్పటికీ పెట్రోలు కారువాళ్లని జాలిగానే చూస్తారు.

పోయిన శ్రావణంలో హైదరాబాదులో పెళ్లికి విజయవాడ నుంచి ఆ కారులోనే బయలుదేరాం. ముందు బావగారు, అక్క. వెనక అమ్మ, నేను, ఒక జంతికల డబ్బా. నందిగామ రాకముందే ఇంధనం ముల్లు కిందకి వాలిపోయింది.

"బావగారూ, ఇక్కడ కొట్టించేద్దామా?" అన్నాను.

"ఏమోయ్, నీకు డిగ్రీ ఎవరిచ్చారు?" అన్నారు. "ఆంధ్రాలో పన్నెక్కువ. గరికపాడు దాటితే తెలంగాణ. లీటరుకి రూపాయో రెండో తక్కువ. నలభై లీటర్ల ట్యాంకు. లెక్కేసుకో."

లెక్కేసుకున్నాను. ఎనభై రూపాయలు. ఆ ఎనభై కోసం ఏసీ కట్టేశారు. చిల్లకల్లు టోలుగేటు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. అమ్మ శుభలేఖతో విసురుకుంటూ "అల్లుడుగారికి ముందుచూపెక్కువ" అంది. అది మెచ్చుకోలో కాదో అక్కకి కూడా తేల్చుకోవడం కష్టమైంది.

మొత్తానికి కోదాడ చేరాం. బంకులో బావగారు దిగారు. "ఫుల్ చెయ్యి. ముందు ఫిల్టర్ పేపర్ తే" అన్నారు.

కుర్రాడు ఆయన్ని ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి కాగితం తెచ్చి, గొట్టంలోంచి ఒక చుక్క వేశాడు. ఆ కాగితాన్ని బావగారు జాతకం చూసినట్టు ఎండకేసి పట్టుకున్నారు. చుక్క చూస్తూండగానే ఆరిపోయింది. మరక లేదు, మచ్చ లేదు. "చూశావా? అడిగేవాడుంటే కల్తీ ఉండదు" అని ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

తరవాత సున్నా చూసుకున్నాం. మీటరు తిరిగింది. లీటరు ధర చూసి మాత్రం ఆయన మొహం ముడుచుకుంది. విజయవాడ ధర కంటే పది రూపాయలెక్కువ! "ఇక్కడా పెంచేశారన్నమాట. పేపర్లో రాలేదే" అని ప్రభుత్వాన్ని నాలుగు మాటలని, డబ్బు కట్టి, గాలి పట్టించుకుని బయలుదేరారు.

వాసన తెలియలేదా అని అడుగుతారేమో. బంకులో నిలబడి ఏ వాసన ఏ గొట్టానిదో విడదీసి చెప్పగల ముక్కు మా వంశంలో ఎవరికీ లేదు.

కారు హాయిగానే కదిలింది. గొట్టాల్లోనూ ఫిల్టర్‌లోనూ పాత డీజిల్ కాస్త మిగిలి ఉంటుంది కదా, అది అయ్యేదాకా ఇంజనుకి సంగతి తెలియదు. "ఎంత స్మూత్‌గా పోతోందో చూడు. అసలైన డీజిల్ అంటే ఇదీ" అన్నారు బావగారు. మునగాల దాటాక బండి దగ్గింది. ఇంకాస్త దూరం పోయాక టకటకమని కొట్టుకుంది, తెల్లటి పొగ వదిలి ఆగిపోయింది.

మన రోడ్ల మీద కారు ఆగితే సలహాదారులకి కొదవుండదు. ఒకాయన బ్యాటరీ అన్నాడు. ఒకాయన క్లచ్ అన్నాడు. బయలుదేరింది దుర్ముహూర్తంలో అని అమ్మ. చివరికి ఒక లారీ డ్రైవరు ట్యాంకు మూత తీసి, ముక్కు పెట్టి, "ఇది పెట్రోలు కదా!" అన్నాడు. బావగారు నమ్మలేదు. బిల్లు చూద్దామంటే అక్క దాంట్లో జంతికలు చుట్టి అమ్మకిచ్చింది. నూనె మరకల మధ్య మోటార్ స్పిరిట్ అని అచ్చేసి ఉంది. మన చమురు కంపెనీల లెక్కల్లో పెట్రోలుకి అదే పేరు.

అప్పుడు నా చేతిలో ఉన్న ఫిల్టర్ పేపర్ గుర్తొచ్చింది. ఆ పరీక్ష ఉన్నది పెట్రోలుకి. మంచి పెట్రోలైతే మరక లేకుండా ఆవిరైపోతుంది. డీజిల్ అలా ఎగిరిపోదు, జిడ్డుగా మరక వదులుతుంది. అంటే మా ట్యాంకులో పడబోయేది కల్తీలేని పెట్రోలని పొయ్యకముందే బావగారు శాస్త్రీయంగా నిరూపించి, సాక్ష్యం నా చేతికే ఇచ్చారు.

సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పెట్రోలు పోసినంక చాబీ తిప్పిండ్రా?"

"తిప్పడమేమిటి, ఇంత దూరం నడిపాం" అన్నారు బావగారు.

మెకానిక్ మాట్లాడకుండా టోపీ తీసి బానెట్ మీద పెట్టాడు. డాక్టర్లు కళ్లజోడు తీసి బల్ల మీద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది మాకు.

"డీజిల్ బండికి డీజిలే నూనె సార్," అన్నాడు. "పంపు లోపల దాంతోనే జారుతది. పెట్రోలు పోస్తే ఆ జిడ్డంత కడుక్కపోతది. ఇనుము ఇనుము రాసుకుని పొడి రాలుతది. ఆ పొడి పోయి ఇంజెక్టర్లల్ల కూసుంటది."

ఇంజనీరింగ్ చదివినవాడిగా నేనూ కొంత జోడించాను. డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అదే వందల డిగ్రీలు వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది. పెట్రోలు అలా కాదు, ఎవరో ఒకరు నిప్పు పెట్టాలి. మా ఇంట్లో బావగారిది డీజిల్ స్వభావం, పైనుంచి ఒత్తిడి పెరిగితే చాలు. అక్కకి మాత్రం చిన్న నిప్పురవ్వ కావాలి. ఆ రోజు ఆ రవ్వ పుష్కలంగా దొరికింది.

"అసలీ ఇంజను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కాలంలో ఇంత గొడవ లేదు," అని చెప్పుకుపోయాను. "1900లో పారిస్ ఎగ్జిబిషన్లో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది."

"అయితే కోదాడలో వేరుశనగ నూనె పోయించుకున్నా పెళ్లికి అందేవాళ్లం," అంది అక్క.

"ధర చూశావా? దానికన్నా డీజిలే చవక," అంది అమ్మ.

ఆ డీజిల్ మహాశయుడు 1913 సెప్టెంబరులో ఓడలో ఇంగ్లండు వెళుతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. ఎందుకన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ సంగతి చెప్పబోయి, బావగారి మొహం చూసి ఊరుకున్నాను. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారని, అంటే కారు కాస్త మందు కూడా పుచ్చుకుందని, పోలీసులు ఊదమనకముందే ఆగిపోయింది నయమనీ అన్నాను. ఆయన అదీ హాస్యంగా తీసుకోలేదు.

కారు తాడు కట్టించుకుని సూర్యాపేట పోయింది. మేము ఆటోలో మళ్లీ కోదాడ బంకుకి పోయాం, దెబ్బలాటకి. బావగారు హక్కులన్నీ ఏకరువు పెట్టారు. కుర్రాడు ఓపిగ్గా విన్నాడు.

"డీజిల్ అని మీరు అనలే సార్. ఫుల్ అన్నరు. ఫిల్టర్ పేపర్ అడిగిన్రు. డీజిల్ బండోళ్లు ఫిల్టర్ పేపర్ ఎందుకడుగుతరు?"

బావగారి దగ్గర దీనికి జవాబు లేదు. ట్యాంకు మూత మీద డీజిల్ అని రాసి ఉండదా అని నేను గట్టిగా అడిగాను. ఉంటుంది. దాని మీద ఆంజనేయస్వామి స్టిక్కరు అంటించింది బావగారే. మేనేజరు మమ్మల్ని ఓదార్చబోయి, "ఎక్కువ రేటుదే పోసినం కద సార్, తక్కువది పోయలే" అన్నాడు. ఆ తరవాత జరిగిన సంభాషణ పత్రికలో అచ్చుకి పనికిరాదు.

పెళ్లికి ఆర్టీసీ బస్సులో వెళ్లాం. ఆఖరి బంతి దొరికింది, గారెలు అయిపోయాయి. ట్యాంకు దింపి కడగడం, ఫిల్టరు మార్చడం, పంపు విప్పడం, ఇంజెక్టర్లు శుభ్రం చెయ్యడం అన్నీ కలిపి ఐదంకెల బిల్లు వచ్చింది. అందులో ఎనభై రూపాయలు తగ్గించమని బావగారు బేరమాడారట.

మీది డీజిల్ బండైతే, సున్నా చూసుకునే ముందు "డీజిల్" అని నోరారా ఒక్కసారి అనండి. పొరపాటున పెట్రోలు పడిందని తెలిస్తే తాళం మాత్రం తిప్పకండి. న్యూట్రల్‌లో పెట్టి పక్కకి తోసుకుపోయి, ట్యాంకు ఖాళీ చేయించుకుంటే చాలావరకు తక్కువ ఖర్చుతో బయటపడతారు. తొయ్యడానికి మనిషి కావాలి గనక, దూర ప్రయాణాల్లో వెనక సీట్లో ఒక బావమరిదిని ఉంచుకోవడం మంచిది.