డెడ్‌జోన్ మహాత్మ్యం

నల్లగొండలో విమానాశ్రయం లేదు. పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్‌లోనూ లేదు. దేవరకద్ర దగ్గర ఒకటి కట్టాలన్న ప్రతిపాదన మాత్రం ఏళ్ల తరబడి ఫైళ్లలోనే ఎగిరి ఫైళ్లలోనే దిగుతోంది. అయినా ఈ రెండు జిల్లాల్లో పైలట్లకు కరువేమీ లేదు. మేడ మీద గది, అందులో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడే కంప్యూటరు, దాని వెనక ఇన్వర్టరు, టేబుల్ కింద ఒక జత రడ్డర్ పెడల్స్ ఉన్నవాడల్లా కెప్టెనే. కింద నుంచి ఇల్లాలు ‘గ్యాస్ బండ వచ్చింది, దిగిరండి’ అని కేకేస్తే ‘ల్యాండింగ్‌లో ఉన్నా, రెండు నిమిషాలు’ అని పైనుంచి జవాబు. శంషాబాద్‌లో లేచి, 44వ నంబరు హైవేను పట్టుకుని జడ్చర్ల దాకా వచ్చి, పాలమూరు మీద ఒక చక్కరు కొట్టి, తూర్పుకు తిరిగి నాగార్జునసాగర్ డ్యామ్ 26 గేట్లను పైనుంచి దర్శించుకుని, రాత్రి అన్నం వేళకు మళ్లీ శంషాబాద్‌లో దిగే పుణ్యాత్ములు వీళ్లు. టికెట్టు ఖర్చు లేదు, సెక్యూరిటీ చెకింగ్ లేదు. ఈ సరదాతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ పెడల్స్ అరగడం మొదలయ్యాక వీళ్లు వల్లించే శాస్త్రంతోనే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విమానం తోక మీద నిలువుగా ఉండే పలకకు అతికించిన కదిలే రెక్క రడ్డర్. దాన్ని కాళ్లతో తిప్పుతారు. ఎడమ పెడల్ తొక్కితే ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. పెడల్ పైభాగాన్ని మునివేళ్లతో వంచితే ఆ వైపు చక్రానికి బ్రేకు. అంటే ఇంట్లో పెట్టుకున్న పెడల్స్ నుంచి కంప్యూటరుకు మూడు సంగతులు చేరాలి: రడ్డర్ ఎంత, ఎడమ బ్రేకు ఎంత, కుడి బ్రేకు ఎంత. మామూలు ధర పెడల్స్‌లో ఈ ‘ఎంత’ చెప్పేది పొటెన్షియోమీటర్ అనే చిన్న భాగం. పాట్ అంటారు. లోపల వంపు తిరిగిన కార్బన్ పట్టీ, దాని మీద పాకే లోహపు నాలుక. పాత రేడియోలో సౌండు పెంచే గుండీ వెనక ఉండేదీ ఈ జాతిదే.

నాలుక పాకుతుంటే పట్టీ అరుగుతుంది. అందులో వింత లేదు. వింతల్లా అది అరిగే చోటు. విమానం నడిపేవాడి కాళ్లు చాలాసేపు నడిమధ్యనే, కొంచెం అటూ కొంచెం ఇటూ కదులుతుంటాయి. చివరిదాకా తొక్కేది అరుదు. అందుకని పట్టీ ముందు నట్టనడుమ పోతుంది. అప్పుడు మొదలవుతుంది తమాషా. కాళ్లు కదపకుండా కూర్చున్నా తెర మీద రడ్డర్ గిలగిలా కొట్టుకుంటుంది. రన్‌వే మీద బుద్ధిగా పరిగెత్తుతున్న చిన్న సెస్నా విమానం ఉన్నట్టుండి గడ్డి మేయడానికి బయల్దేరుతుంది.

మన కెప్టెన్ గారు చేసే మొదటి పని కాలిబ్రేషన్. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పెట్టె తెరిచి, ఎడమకు పూర్తిగా తొక్కి, కుడికి పూర్తిగా తొక్కి, మధ్యకు తెచ్చి, నెక్స్ట్ నొక్కి, ఫినిష్ నొక్కుతారు. శనివారం ఒకసారి, మంగళవారం ఒకసారి. ఏ రోగానికైనా ఇదే మందు. ఇంతకూ కాలిబ్రేషన్ చేసేది ఏమిటంటే, ఈ చివర ఇక్కడుంది, ఆ చివర అక్కడుంది, నడుమ ఇదీ అని కంప్యూటరుకు పరిచయం చేయడం. అంతకు మించి దానికి ఏ శక్తీ లేదు. పోయిన కార్బన్ తిరిగి మొలవదు.

అది పని చేయలేదని తేలాక డెడ్‌జోన్ దీక్ష స్వీకరిస్తారు. ఈ మహత్తు గురించి కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. నడుమ ఇంత మేర పెడల్ ఎలా కదిలినా పట్టించుకోవద్దని కంప్యూటరుకు ఇచ్చే ఆదేశమే డెడ్‌జోన్. మొదట 5 శాతం పెడతారు. గిలగిల తగ్గుతుంది. ఆహా! నెల తిరిగేసరికి మళ్లీ గిలగిల. 12 చేస్తారు. దసరాకు 20. సంక్రాంతికి 30. ఇక తెర మీద రడ్డర్ రాయిలా నిలబడుతుంది. ‘చూశారా, ఒక్క పైసా ఖర్చు లేకుండా బాగు చేశాను’ అని కెప్టెన్ గారు నలుగురికీ చెప్పుకుంటారు. గుంత పూడ్చమని ఇచ్చిన అర్జీ మీద ‘పరిష్కరించడమైనది’ అని ముద్ర కొట్టినంత చక్కటి బాగు. అర్జీ పోయింది. గుంత ఉంది.

అసలు చిక్కు ల్యాండింగ్‌లో వస్తుంది. పక్కగాలి కొడుతున్నప్పుడు విమానాన్ని రన్‌వే నడిగీత మీద నిలపాలంటే కాళ్లతో చిన్నచిన్న సర్దుబాట్లు కావాలి. కొంచెం ఎడమ, కొంచెం కుడి, మళ్లీ కొంచెం ఎడమ. ఆ కొంచెం అంతా ఉండేది ఆ నట్టనడుమే. అంటే పట్టీ ఎక్కువ అరిగే చోటూ, పైలట్‌కు ఎక్కువ అవసరమైన చోటూ ఒక్కటే. మన దీక్షాపరుడు సరిగ్గా దాన్నే చంపి పెట్టుకున్నాడు. కొంచెం తొక్కితే ఏమీ జరగదు. ఇంకొంచెం తొక్కితే ఏమీ జరగదు. విసుగొచ్చి గట్టిగా తొక్కేసరికి గీత దాటి రడ్డర్ ఒక్కసారిగా అందుకుంటుంది. శంషాబాద్ రన్‌వే పక్కన గడ్డిలో చక్రాలు పైకి, రెక్కలు కిందికి. అప్పుడు కెప్టెన్ గారు కుర్చీలో వెనక్కి వాలి తీర్పు ఇస్తారు: ‘కొత్త అప్‌డేట్‌లో ఫిజిక్స్ పాడు చేశారు.’ 1982లో మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్ తెచ్చినప్పటి నుంచి 2024 నవంబరులో తాజాది విడుదల చేసేదాకా మైక్రోసాఫ్ట్ ఎన్ని నిందలు మోసిందో గానీ, నల్లగొండ మేడ మీద అరిగిన కార్బన్ పట్టీ నింద కూడా దాని నెత్తినే పడింది.

ఇదే భక్తులలో నూనె సంప్రదాయం వాళ్లు వేరే ఉన్నారు. పెడల్ కిర్రుమంటే డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చి పాట్‌తో సహా అభిషేకం చేస్తారు. ఆ నూనె పొర మీద దుమ్ము అంటుకుంటుంది, గొడవ రెండింతలవుతుంది. కావలసింది కాంటాక్ట్ క్లీనర్, అదీ మురికి పట్టినప్పుడే. కొబ్బరినూనె పోసినవాణ్ణి కూడా చూశాను. పారాషూట్ డబ్బానే. విమానంలో పారాషూట్ ఉండటం మంచిదే కదా అనుకున్నాను.

దీక్షలు విఫలమైతే చివరి మెట్టు, కొత్తది కొనడం. డాలస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ పోతుంది. ఆయన సూట్‌కేసులో సగం ఖాళీ చేయించి, పిల్లల చాక్లెట్లు తీయించి, ఆరేడు కిలోల పెట్టె పెట్టిస్తారు. వారంటీ అమెరికాలోనే ఉండిపోతుంది. పెట్టె నల్లగొండ చేరుతుంది. మీద పేర్లు మారుతుంటాయి. సైటెక్ అనే పేరుతో అమ్మిన పెడల్స్‌ను 2016లో లాజిటెక్ ఆ వ్యాపారం కొనుక్కున్నాక తన పేరుతో అమ్మింది. ఒంట్లో ఉన్నది అదే పాట్. పాత పెడల్స్ అరిగాయని కొత్త పేరుతో అవే పెడల్స్ తెప్పించుకున్నవాళ్ల ముఖాలు చూడవలసినవే.

కాస్త చదువుకున్నవాళ్లు హాల్ సెన్సర్ కావాలంటారు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం ఇప్పుడు మేడగదుల్లో ఇలవేలుపు. అయస్కాంతం కదిలితే దాన్ని తాకకుండానే సెన్సర్ గ్రహిస్తుంది, తాకదు గనుక అరగదు. ఇది నిజం. మంచి పెడల్స్ నిజంగానే మంచివి, ఆ మాట ఒప్పుకోకపోతే నేనూ మరో మూఢభక్తుణ్ణి అవుతాను. కానీ ‘హాల్ అంటే జీవితకాలం’ అనేది కొనేవాడు ఇంట్లోవాళ్లకు చెప్పే మాట. సెన్సర్ అరగదు సరే, స్ప్రింగ్ వదులవదా? బేరింగ్‌లో దుమ్ము చేరదా? పట్టాల మీద జారే ప్లాస్టిక్ అరగదా? వాటికి ఏ హాల్ అడ్డం?

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇది జరిగే చోటు. ఇది నల్లగొండ, పాలమూరు. వేసవిలో ఏ మండల కేంద్రానికైనా వెళ్లండి, మోటార్ వైండింగ్ షాపు ముందు బోరు మోటార్లు వరసగా పడుకుని ఉంటాయి. లోవోల్టేజీకి కాలిపోయిన మోటారును రైతు పారేయడు. రాగి తీగ మళ్లీ చుట్టిస్తాడు, మళ్లీ బోర్లో దింపుతాడు, మళ్లీ కాలితే మళ్లీ తెస్తాడు. ఆ రైతు కొడుకే నాలుగు స్క్రూలు విప్పాల్సి వచ్చేసరికి ‘వారంటీ స్టిక్కర్ చిరుగుతుంది’ అని వణుకుతాడు. ఆ వారంటీ ఏ దేశంలో ఉందో పైన చెప్పాను.

అలాంటి ఒక మిత్రుణ్ణి, ఆయన పెడల్స్‌నూ వెంటబెట్టుకుని నల్లగొండ గడియారం సెంటర్ వెనక సందులో ఉన్న ఒక రేడియో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఊళ్లో అందరికీ ఆయన చాచా. పెడల్స్‌ను తిప్పి చూసి, ‘ఏంది బేటా ఇది, కారుదా?’ అన్నాడు.

‘కాదు చాచా, విమానంది.’

‘విమానం బయట ఆపినవా?’

అడుగు పలక ఊడదీస్తే లోపల రెండేళ్ల దుమ్ము, వెంట్రుకలు, ఒక పల్లీ గింజ. చాచా పాట్ బయటికి తీసి, తీగలు ఊడదీసి, ముల్లు ఆడే పాత మీటరు రెండు కొసలు పెట్టి ఇరుసును నెమ్మదిగా తిప్పాడు. ముల్లు సాఫీగా లేస్తూ వచ్చి, సరిగ్గా సగంలో ఎగిరి కిందపడి మళ్లీ లేచింది. ఇంకోసారి తిప్పాడు. మళ్లీ అక్కడే. మూత విప్పి చూపించాడు. నల్లటి పట్టీ మీద, నడుమన, అగ్గిపుల్ల మందాన మెరిసే గాడి.

‘గిది వాల్యూమ్ కంట్రోలే గద బేటా. గీత పడ్డది సూడు. దీనికోసం అమెరికా పోయిర్రా?’

మిత్రుడు కొత్త పాట్ వెంటనే వేసేయమన్నాడు. చాచా ఒప్పుకోలేదు. తన డబ్బాలో ఉన్నవి రేడియోలవి, ఎక్కువగా ‘ఏ’ రకం. చెవికి తగ్గట్టు సౌండు పెంచడానికి వాటి పట్టీని వంకరగా చేస్తారు, సగం తిప్పితే సగం రాదు. పెడల్‌కు ‘బి’ రకం కావాలి, సగం తిప్పితే సగం వచ్చేది. దీని మీద బి10కే అని రాసి ఉంది, ఇరుసు పొడవు కూడా ఇంతే ఉండాలి, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు, దొరుకుతది అన్నాడు. అది దొరికింది. చాచా మూడు తీగలు అతికించి తీసుకున్న డబ్బు చెబితే మిత్రుడు నొచ్చుకుంటాడు. డాలస్ నుంచి బావమరిది అప్పటికే బయల్దేరాడు.

సిమ్యులేటర్ల వంశం కూడా ఇలాంటి షాపులోనే పుట్టింది. 1929లో అమెరికాలోని బింగమ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే ఆయన నేల మీదే విమానం నేర్పే యంత్రం తయారు చేశాడు. వాళ్ల నాన్నది ఆర్గన్లు, పియానోలు చేసే ఫ్యాక్టరీ. ఆ ఆర్గన్ల తిత్తులే తెచ్చి, గాలి కొట్టి, చెక్క విమానాన్ని అటూ ఇటూ వంచాడు. మన బాగోతాల హార్మోనియంలో ఉండేదీ తిత్తే. 1934లో అమెరికా సైన్యం ఆ యంత్రాలు ఆరు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది పైలట్లు వాటి మీదే కళ్లు తెరిచారు. ఆ తిత్తి చినిగితే అతుకు వేశారే గానీ డెడ్‌జోన్ పెట్టలేదు.

అసలు విమానాల సంగతి సరేసరి. శిక్షణలో వాడే సెస్నా 152ల తయారీ 1985లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు ఎగురుతున్న వాటిలో అతి చిన్నదానికి కూడా నలభై ఏళ్లు. నేర్చుకునే పిల్లలు వాటి పెడల్స్‌ను రోజంతా తొక్కుతారు. గంటల లెక్కన మెకానిక్ విప్పి చూస్తాడు, రడ్డర్ కేబుల్ బిగువు కొలుస్తాడు, అరిగిన భాగం మారుస్తాడు, సంతకం పెడతాడు. పెడల్ వదులైందని విమానాన్ని పారేసి అమెరికా నుంచి కొత్త విమానం తెప్పించిన ఫ్లయింగ్ స్కూలు గురించి నేను వినలేదు. నడుమ 30 శాతం కేబుల్ పని చేయకపోయినా ఫరవాలేదని సంతకం పెట్టే ఇంజనీరు ఉంటే ఆయన ఉండాల్సిన చోటు వేరు.

కాబట్టి కెప్టెన్ గార్లకు నా విన్నపం. బావమరిదికి ఫోన్ చేసే ముందు సెట్టింగ్‌లలో రడ్డర్ రెండు చోట్ల అసైన్ అయి ఉందేమో చూడండి. జాయ్‌స్టిక్ పిడిని తిప్పినా రడ్డరే, పెడల్ తొక్కినా రడ్డరే అయితే ఆ రెండూ కొట్లాడుకుంటాయి, పాపం పెడల్స్‌ది కాదు. ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా విమానం కదలకపోతే బ్రేకుల దిశ తిరగబడి ఉంటుంది, రివర్స్ అనే గడిలో ఒక టిక్కు చాలు. నడుమ నడుమ పెడల్స్ మాయమైతే చౌక హబ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటరుకు పెట్టండి. ఇవేవీ కాకపోతే స్క్రూడ్రైవర్ తీయండి. దుమ్మయితే క్లీనర్, గాడి పడితే కొత్త పాట్, స్ప్రింగ్ వదులైతే కొత్త స్ప్రింగ్. పట్టాలే అరిగి ఊగిపోతుంటేనో, చట్రం పగిలితేనో కొత్తవి కొనండి, వీలైతే హాల్‌వే కొనండి, ఎవరూ కాదనరు. పాత పెడల్స్‌ను మాత్రం చెత్తబండికి వేయకుండా చాచాకు ఇవ్వండి. వాటిలో బ్రేకుల పాట్లు రెండూ ఇంకా బాగానే ఉంటాయి.