కుటుంబంతో తీరిగ్గా గడపదలచిన రాయ్‌పూర్ వాసులకు కొన్ని సూచనలు

మొదట చేయాల్సింది ప్రకటన. శనివారం రాత్రే ఇంటి వాట్సాప్ గ్రూపులో "రేపు ఎవరూ ఫోన్ ముట్టుకోకూడదు" అని మెసేజ్ పెట్టండి. పక్క గదిలో ఉన్న పిల్లలకు కబురు చేరడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు. ఆ తర్వాత బయటికి తీసుకెళ్ళండి. చోట్లకు కొదవా? తేలీబాంధా చెరువు గట్టుకు మెరైన్ డ్రైవ్ అని పేరు పెట్టుకున్నాం. నవా రాయ్‌పూర్‌లో 2016లో తెరిచిన జంగిల్ సఫారీ ఉంది. అక్కడ పులి కనబడగానే ముందు వీడియో తీయండి, పులిని ఇంటికొచ్చాక నింపాదిగా చూసుకోవచ్చు. మే నెలలో ఎండ నలభై నాలుగు డిగ్రీలు దాటుతుంది కాబట్టి గట్టూ వద్దు, పులీ వద్దు, మాల్‌కు పదండి. అక్కడి గేమ్ జోన్‌లో ఉన్నవీ తెరలేగా అనకండి. డబ్బు కట్టి చూసే తెర లెక్కలోకి రాదు.

మూడో సూచన అన్నిటికంటే రుచికరమైనది. తప్పంతా తెర మీదికి నెట్టేయండి. "ఈ ఫోన్లొచ్చి మనుషుల్ని విడదీశాయి" అన్నవారిని ఎవరూ ఎదిరించరు, అన్నవారికి చేయాల్సిన పనీ ఉండదు. కాకపోతే ఈ ప్రాంతపు చరిత్రే కాస్త అడ్డొస్తుంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ వెళ్ళింది. వాటిలో అప్పటి మధ్యప్రదేశ్‌లోని రాయ్‌పూర్ వైపు పల్లెలున్నాయి, ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికొక్క పెట్టె. రోజు మొత్తం మీద ప్రసారం నాలుగు గంటలు, దాన్నీ హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా పంచుకోవాలి. పంటల సంగతులూ ఆరోగ్య సంగతులూ చెప్పే ఆ పెట్టె ముందు ఊరి జనం ఒకచోట కూర్చున్నారు. పుష్కరం తిరిగేసరికి, 1987 జనవరి 25న దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైంది. ఆదివారం పొద్దున్న టీవీ ఉన్న ఇంట్లోకి వీధి వీధంతా చెప్పులు విడిచి వచ్చేది. అదీ తెరే. మనుషుల్ని విడదీయడం తెర స్వభావమే అయితే అప్పుడెందుకు విడదీయలేదు? పెట్టె ఒక్కటే, వేళ ఒక్కటే, ఆట అయ్యాక చెప్పుకోడానికి అందరూ చూసిన కథా ఒక్కటే. ఇప్పుడు నాయనమ్మ సీరియల్ నాయనమ్మది, నాన్న వార్తలు నాన్నవి, పిల్లల రీల్స్ పిల్లలవి. భోజనాల వేళ కూడా ఎవరిది వారిదే. మన చేతుల్లోంచి జారిపోయింది ఆ ఉమ్మడి వేళ.

పాత రోజుల మీద మమకారంతో ఇలా అంటున్నారనీ, ఆనాడు టీవీ ముందు కూర్చున్నవాళ్ళు మాత్రం ఏం మాట్లాడుకున్నారనీ ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బొమ్మ నడుస్తున్నంతసేపు నోరెత్తిన పిల్లాణ్ణి కసిరేవాళ్ళు. అయినా బొమ్మ ఆగేది. ఆ ఆగడంలోనే ఇంటికి మాట్లాడుకునే చోటు దొరికేది. ఇప్పటి తెరకు ఆగడమన్నదే లేదు, ఒకటి అయ్యేలోపే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. అందుకే మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడ్‌గావ్ వాళ్ళు ఆ ఆగడాన్ని బయటి నుంచి తెచ్చుకున్నారు. 2022 ఆగస్టు నుంచి ఆ ఊళ్ళో రాత్రి ఏడింటికి గుడి మీద సైరన్ మోగితే ఎనిమిదిన్నర దాకా టీవీలూ ఫోన్లూ కట్టేయాలని నియమం పెట్టుకున్నారు. సైరన్ పిల్లలకు వినిపించినట్టే పెద్దలకూ వినిపిస్తుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

కాబట్టి నాలుగో సూచన: నియమం పిల్లలకు మాత్రమే పెట్టండి, మీకు ఆఫీసు మెసేజ్‌లుంటాయి కదా.

ఐదోది, పట్టుబట్టారు కాబట్టి వీడియో కాల్ కూడా మానేయండి. విశాఖలో అమ్మమ్మ ఎదురుచూస్తే చూడనివ్వండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. మనం మాత్రం అంతకంటే నిష్ఠగా ఉందాం. ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెట్టాలి. రాయ్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ, భిలాయి ఉక్కు క్వార్టర్లలోనూ పెరిగే తెలుగు పిల్లలకు బడి హిందీ, ఇంగ్లీషుల్లో నడుస్తుంది. వీధి హిందీ, ఛత్తీస్‌గఢీల్లో నడుస్తుంది. తెలుగు చెవిన పడేది ఇంట్లో పెద్దలు వాళ్ళతో మాట్లాడితేనే. సీరియల్ తెలుగు ఎంత విన్నా అది పిల్లవాణ్ణి తిరిగి ప్రశ్న అడగదు. అమ్మమ్మ అడుగుతుంది, తెరలోంచైనా సరే.

ఆటలంటారా, ప్రభుత్వం పిలిచేదాకా ఆగండి. 2022 అక్టోబరు 6న మొదలైన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో గిల్లీ డండా, పిట్టూల్, గోలీలు, బొంగరం వంటి 14 ఆటలు పెట్టారు. నలభై దాటినవాళ్ళకూ ఒక విభాగం ఉండేది. ఈ ఏర్పాటులో తెలివి ఉంది. ఫోన్ దగ్గర పిల్లవాడు గురువు, తండ్రి శిష్యుడు. బొంగరం దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది, తాడు చుట్టడం ఎలాగో పిల్లవాడు నాన్నని అడగాలి. అయితే పోటీ పెడితే తప్ప బొంగరం బయటికి రాని ఇంట్లో పతకం వచ్చినా మర్నాటికి బొంగరం అటక మీదికే వెళ్తుంది.

ఉద్యోగాలు చేసే ఇద్దరికి టైమెక్కడిదని మీరంటారు. నిజమే, పని చేసి వచ్చిన ఒళ్ళు వాలిపోవాలనే అంటుంది. కానీ సంగతి అంతటితో తెగదు. ఫోన్లు పక్కన పెట్టాక మొదటి పది నిమిషాల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. "స్కూలెలా ఉంది?" "బాగుంది." "తిన్నావా?" "తిన్నాను." ఆ తర్వాత మాట దొరకదు. మాటలకు ఫోన్ అడ్డం వచ్చిందనుకుంటాం గానీ, మాటలు అయిపోయిన చోట సిగ్గు దాచుకోడానికి ఫోన్ తీసిన రోజులే ఎక్కువ. ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోండి అంటే పెళ్ళిచూపుల్లో కూడా కష్టమే. చేతికి పనుంటే నోటికి అంత బరువుండదు, మధ్యలో మౌనం వచ్చినా ఎవరూ తప్పు పట్టరు.

అందుకని ఆఖరి సూచన చింతపండు. బస్తర్ అడవుల చింతపండు ఎండాకాలం మొదలవగానే రాయ్‌పూర్ బజార్లకు వచ్చేస్తుంది. గింజ తీసింది కాకుండా గింజతో ఉన్నదే ఒక ఐదు కిలోలు కొనండి, చవక కూడా. రాత్రి భోజనాలయ్యాక హాల్లో పాత పేపర్లు పరిచి అందరినీ కూర్చోబెట్టండి. పెంకూ ఈనే తీయడం పిల్లలకు, గింజ కొట్టడం పెద్దలకు. ఒక్క పూటలో తెమిలే పని కాదు, వారం పడుతుంది. వేళ్ళకు పట్టిన జిగురు సబ్బుకు కూడా ఓ పట్టాన లొంగదు కాబట్టి, ఫోన్ మోగినా ఎవరూ తీయరు.