అందరూ 1990లో పుట్టినవాళ్లే

మన రెండు రాష్ట్రాల్లో అయిదో తరగతి చదువుతూ ముప్పై అయిదేళ్లు నిండినవాళ్లు ఎందరున్నారో జనాభా లెక్కలవాళ్లకు తెలియకపోవచ్చు. గేమ్ కంపెనీల రికార్డులు తిరగేస్తే తెలుస్తుంది. అకౌంటు తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అడుగుతారు. తేదీ, నెల మార్చే ఓపిక ఎవరికుంది? జనవరి 1ని అలాగే ఉంచి, సంవత్సరాల వరసను బొటనవేలితో ఒక్క తోపు తోస్తే 1990 దగ్గర ఎక్కడో ఆగుతుంది. అంతే, పిల్లాడు మేజరు. వెనకటికి బళ్లో వేసేటప్పుడు హెడ్‌మాస్టారు పిల్లాడి చెయ్యి తలమీదుగా అవతలి చెవికి అందుతుందో లేదో చూసి, తనకు తోచిన తేదీ ఒకటి రాసేసేవారు. అది మాత్రం శాస్త్రీయమా అంటే కాదు. కానీ ఆయన పిల్లాడిని కళ్లతో చూసేవారు.

ఇది చాలదన్నట్టు 'తల్లిదండ్రుల అనుమతి' అనే మహా కవచం ఒకటుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ ఆటను నిషేధించింది. మరుసటి ఏడాది జులైలో అది బీజీఎంఐగా పేరు మార్చుకుని, పిల్లల భద్రతను మూటగట్టుకుని మరీ వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు ఆడాలంటే అమ్మదో నాన్నదో నంబరు ఇవ్వాలి, దానికి ఓటీపీ వస్తుంది. భేష్. ఆ ఓటీపీ వెంట మనమూ వెళ్దాం. రాత్రి ఎనిమిదిన్నర. అమ్మ వంటింట్లో చపాతీలు కాలుస్తోంది. పిల్లాడు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వాడి చేతిలో ఉన్నది అమ్మ ఫోనే. టింగుమంది.

"ఏంట్రా అది?"

"ఏం లేదమ్మా, రీచార్జ్ మెసేజ్."

తల్లిదండ్రుల అనుమతి లభించింది. కంపెనీ దగ్గర రుజువు భద్రంగా ఉంది. చపాతీ కూడా మాడలేదు.

ఖర్చు విషయంలో కంపెనీ చూపిన కరుణ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మైనర్లు రోజుకు మూడు గంటలకు మించి ఆడకూడదట, రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదట. ఎంత కట్టుదిట్టం! ఈ లెక్కన నెలకు 2,10,000. మన ఇళ్లలో చాలామంది నాన్నలకు అందులో నాలుగో వంతు జీతం కూడా రాదు. ఏడు వేల ఒకటో రూపాయి దగ్గర మాత్రం పిల్లాడి భవిష్యత్తుకు అడ్డంగా కంపెనీ నిలబడుతుంది.

దక్షిణ కొరియా 2011లో ఇంతకంటే గట్టి చట్టమే తెచ్చింది. పదహారేళ్ల లోపువాళ్లకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటి దాకా ఆన్‌లైన్ ఆటలు బంద్ అంది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లోపలికి దూరారు. పదేళ్లు చూసి చూసి, 2021లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిది నిండనివారి వివరాలు తీసుకోవడానికి పెద్దల అనుమతి, అదీ సరిచూడదగ్గ అనుమతి, ఉండాలంటోంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సర్దుకోవడానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. గడువు ముగిసేనాటికి ఏ విధానం తెస్తారో గానీ, అమ్మ ఫోన్ ప్యాటర్న్ మాత్రం పిల్లాడికి అప్పుడూ తెలిసే ఉంటుంది.

హడావిడి అంతా గుమ్మం దగ్గరే. లోపలికి వెళ్లాక పిల్లాడి చెవిలో ఎవరు మాట్లాడుతున్నారని అడిగేవాడు లేడు. స్క్వాడ్‌లో నలుగురు. ఒకడు మన వీధివాడు, ఇద్దరు 'ర్యాండమ్'. అంటే ఎవరో. ఇయర్‌ఫోన్స్‌లోంచి "లెఫ్ట్‌లో ఎనిమీ బ్రో", "నాక్ అయ్యా, రివైవ్ చెయ్" అనే కేకలు. మ్యాచ్ అయ్యాక ఆ ర్యాండమ్‌లలో ఒకడు మెల్లగా అడుగుతాడు, "సూపర్‌గా ఆడావ్ బ్రో, ఏం చదువుతున్నావ్? ఏ ఊరు?" కంపెనీ అడిగినప్పుడు ముప్పై అయిదేళ్లని తొణక్కుండా చెప్పిన మనవాడు ఇక్కడ మాత్రం సత్యహరిశ్చంద్రుడు. "ఫిఫ్త్ క్లాస్ అన్నా. కాకినాడ."

ఆ గొంతుకు ఏ వయసు రుజువూ అక్కర్లేదు. ఆ అన్న ఇంకో ఫిఫ్త్ క్లాసువాడే కావచ్చు, సాధారణంగా అంతే. కాకపోతేనే కథ. మొదట ఫ్రెండ్ రిక్వెస్ట్, తర్వాత ఓ స్కిన్ గిఫ్టు, అంటే ఆటలోని బొమ్మకు కొత్త వేషం. బడి గేటు దగ్గర పరాయివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాం కదా, ఆ చాక్లెట్ ఇదే. ఆ తర్వాత "ఇక్కడ సరిగా వినపడట్లేదు, వాట్సాప్‌లోకి రా, డిస్కార్డ్‌లోకి రా" అంటాడు. అక్కడికి వెళ్లాక గేమ్‌లోని రిపోర్ట్ బటన్ దేనికీ పనికిరాదు. ఇక అడిగేది ఓటీపీయో, ఫొటోయో.

కంపెనీలకు ఇది తెలియదనుకుంటే మనంత అమాయకులు లేరు. ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసు చదవండి. పిల్లలకు కూడా వాయిస్ చాట్ దానంతటదే ఆన్‌లో ఉండేదట. కావాలన్నవాళ్లే ఆన్ చేసుకునేలా మార్చమని 2017లోనే సొంత ఉద్యోగులు మొత్తుకున్నారట. చివరికి ఆఫ్ బటన్ పెట్టారు, వెతికినా ఓ పట్టాన దొరకని చోట. పిల్లల గోప్యత చట్టాన్ని ఉల్లంఘించారన్న ఆ కేసులో 2022 డిసెంబరులో 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకున్నారు. 2006లో మొదలైన రోబ్లాక్స్ అనే ఆటల వేదికకు, చాట్ చేసేవాళ్ల వయసును ముఖం చూసి అంచనా కట్టాలన్న జ్ఞానోదయం 2025లో అయింది. పంతొమ్మిదేళ్ల తపస్సు మరి.

కంపెనీల సంగతి సరే, మన నోటి మాట ఒకటుంది కదా: "మావాడు బయట తిరగడండీ, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడు." చెప్పేటప్పుడు మొహం ఎంత వెలిగిపోతుందో! పక్క వీధి పిల్లలతో గోలీలాడితే చెడిపోతాడని తలుపేసుకున్నాం. ఊరూ పేరూ తెలియని వందమందిని మంచం మీదికే రప్పించాం. టీవీ చూస్తూ "సౌండ్ తగ్గించరా" అన్నాం, వాడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. వినపడే ఆ నాలుగు మాటలూ వినపడకుండా పోయాయి.

సెట్టింగ్స్‌లో మైక్ ఆపడానికి అర నిమిషం చాలు. ఫ్రెండ్ రిక్వెస్టులు ఎవరివి వచ్చాయో వాడి పక్కన కూర్చుని చూడటానికి పది నిమిషాలు. డబ్బు పోతే 1930కి ఫోన్ చేయొచ్చు, పిల్లలకు ఆపద అయితే 1098 ఉంది. మన ఇళ్లలో వీటన్నిటికంటే ముందు అమలయ్యే భద్రతా చర్య వేరు: విషయం తెలియగానే వీపు మీద రెండు, ఫోన్ బీరువాలోకి. జరిగింది వాడి తప్పా, అవతలివాడి తప్పా అన్న విచారణ ఆ తర్వాత, తీరికుంటే. ఈ పద్ధతి మనకంటే ఆ అవతలి అన్నకే బాగా తెలుసు. అందుకే ఫొటో అడిగిన రోజున బెదిరించడానికి పెద్దగా కష్టపడడు. "ఇంట్లో చెప్పావో, ముందు నిన్నే కొడతారు, ఫోన్ లాక్కుంటారు" అంటాడు. పేరు, ఊరు, వయసు అన్నీ అబద్ధాలు చెప్పినవాడు ఆ ఒక్క ముక్క మాత్రం నిజమే చెబుతాడు.