కోటు తొడుక్కున్న పెద్దనాయిన

మా న్యాల్‌కల్ మండలంలో మనిషి ఎక్కడ నిలబడ్డాడో ఫోటోలో కనబడితే ఫోటోగ్రాఫర్‌కు పని రానట్టే లెక్క. నల్లరేగడి, చెరుకుతోట, గడ్డివాము రోజూ చూసేవే. పైసలిచ్చి మళ్లీ ఎందుకు చూడాలి? అందుకే కంప్యూటర్‌లో తయారయ్యే కరిజ్మా ఆల్బమ్‌లో మా పెళ్లిజంటలు మంచుకొండల మీద నిలబడతాయి. పెళ్లికొడుకు నుదుటి మీద చెమట మాత్రం పక్కా మే నెలది.

వెనక సీను మార్చడం కంప్యూటర్ తెచ్చిన రోగం కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలానికే బొమ్మలు గీసిన పరదాలు స్టూడియోల్లో మామూలు. నెగెటివ్ మీద వద్దనుకున్న చోట ఎర్రరంగు పూస్తే వెలుతురు ఆగిపోయి, ప్రింటులో అక్కడ తెల్లగా వచ్చేది. అప్పుడు తాజ్‌మహల్ పరదా కోసం మనమే టౌనుకు పోయేవాళ్లం.

1990లో ఫోటోషాప్ వచ్చింది. అందులో మ్యాజిక్ వాండ్ అని ఒకటుంది. ఒకచోట నొక్కితే దాని చుట్టూ ఉన్న అదే రంగునంతా ఏరుతుంది. తెల్ల రుమాలు, తెల్ల ధోతి కట్టి సున్నం గోడ ముందు నిలబడ్డ మా పెద్దనాయిన దగ్గర దాని మంత్రం పారలేదు. గోడ తియ్యమంటే ధోతి కూడా తీసేసింది. ఆయన తెరలోకి తొంగిచూసి, "గోడ ఉంటే ఉండనియ్యి బిడ్డా, ధోతి మాత్రం ఉంచు" అన్నాడు.

అసలు చిక్కు జుట్టుతో. వెంట్రుక అంచున ఒక్కో చుక్కలో సగం వెంట్రుక, సగం వెనకున్న రంగు కలిసిపోయి ఉంటాయి. కత్తిరిస్తే గుండు, వదిలేస్తే తల చుట్టూ తెల్ల అంచు. ఫ్లెక్సీల మీద మన లీడర్లందరికీ దేవుళ్లలాగా వెలుగు ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? కొందరి భుజం మీద ఎవరిదో చెయ్యి కూడా ఉంటుంది. గ్రూపు ఫోటోలో పక్కవాణ్ణి తీసేశారు గాని, వాడి చెయ్యి పదవి వదలలేదు.

పెద్దనాయిన పోయాక రేషన్ కార్డు గ్రూపు ఫోటోలోంచి మొహం ఏరి, ఎవరిదో కోటు, టై తగిలించి, వెనక నీలిరంగు పోసి దండ వేశారు. పదో దినానికి వచ్చినవాళ్లు "గీ సారెవరు?" అని అడిగారు. పెద్దమ్మ ఫోటో వైపు చూసి, "బతికినన్ని దినాలు అంగీకి గుండీలే పెట్టుకోలె. సచ్చినంక టై కట్టిండ్రు" అంది.

2018 నుంచి రిమూవ్.బీజీ లాంటి వెబ్‌సైట్లు వచ్చి, వెనకున్నది తీసేసే పనిని సెకన్లలో చేసేస్తున్నాయి. ఫోటోలో ఎవరు ముఖ్యమో కూడా యంత్రమే తేలుస్తుంది. బర్రె పక్కన నిలబడ్డ పెద్దమ్మ ఫోటో పెడితే బర్రెను ఉంచి ఆమెను తీసేసింది. ఆమె ఏమీ అనుకోలేదు. "అది పాలిస్తది, నేనేమిస్త?"

వెనకున్నదాన్ని చెరపనివాళ్లూ ఉన్నారు. మాకు పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కెమెరా పట్టి, చేనును చేనులాగే ఉంచి సినిమాలు తీశారు. ఎదుటి మనిషి కంటి ఎత్తులో తీస్తే దాన్ని సంఘం షాట్ అంటారు. ఆ సినిమాలు విదేశాల్లో ఆడాయి. మా పెళ్లివాళ్లకేమో విదేశాలు వీపు వెనక కావాలి.

ఊరి వెనక సీను మార్చే కాంట్రాక్టు సర్కారే తీసుకుంది. నిమ్జ్ అనే పరిశ్రమల జోన్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా కావాలట. ఈ ఎడిటింగ్‌కు కంట్రోల్ జెడ్ ఉండదు.

స్టూడియోకు పోయేవాళ్లకు నా మనవి: తెల్ల ధోతితో తెల్ల గోడ ముందు నిలబడకండి. పచ్చచీర కట్టుకుని పచ్చ పరదా ముందు అసలే వద్దు, తల ఒక్కటే మిగులుతుంది. గ్రూపు ఫోటో దిగేటప్పుడు మీ భుజం మీద ఎవరి చెయ్యి ఉందో ముందే చూసుకోండి.