ఆరు నెలల చీనీ

ఇక తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానానికి తాళం వేసుకోవచ్చు. చీనీకాయ తిని ఊసిన గింజ కుండీలో గుచ్చితే ఆరో నెలకు పూత, ఏడాదికి కాపు అని ఫోన్లో నిమిషం వీడియో తేల్చేసింది. పుల్ల మజ్జిగ, గుడ్డు పెంకులు, అరటితొక్కల కషాయం అన్నీ అందులోనే చెప్పారు. హారతి ఒక్కటే తక్కువ.

వీటిలో బెట్ట వైద్యం మరీ ముచ్చటైనది. పదాకుల మొక్కకు నెల రోజులు నీళ్లాపితే చావుభయంతో పూస్తుందట! మన రైతులు బెట్ట పెట్టే మాట నిజమే. ఎదుగుదల ఆగిన చెట్టు మళ్లీ తడి అందగానే చిగురుతో పాటు పూత తీస్తుంది. కానీ అది ఈడొచ్చిన చెట్టు. గింజ మొక్కది పసితనం. ఒళ్లంతా పొడుగాటి ముళ్లే దానికి గుర్తు. చీనీలో ఆ పసితనం ఏడెనిమిదేళ్లయినా సాగుతుంది. ఆ లోపు ఎండబెడితే చస్తుంది గానీ పూయదు. చంటిబిడ్డకు పాలు మాన్పిస్తే మీసాలొస్తాయా? అంటు కట్టేది అందుకే. కాసే చెట్టు కన్ను తెచ్చి జంబేరి మీదో రంగపూర్ నిమ్మ మీదో కడితే, ఆ కన్ను తన ఈడును వెంట తెచ్చుకుంటుంది. నాలుగైదేళ్లకు కాపు అందుతుంది.

నిమ్మను గింజతోనే పెంచడం లేదా అని అడుగుతారు. పెంచుతున్నారు. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి, చాలావరకు తల్లి కణజాలం నుంచే పుడతాయి. కాబట్టి తల్లి పోలిక వస్తుంది, ఈడు మాత్రం రాదు. గూడూరు తోటల్లోనూ గింజ నిమ్మకు ఏళ్లు ఆగాల్సిందే. ఎక్కడో ఒక మొలక తొలి ఏడాదే పూసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరుకుంటుంది. వీడియోకు ఆ ఒక్క పువ్వు చాలు. 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు నిమ్మజాతి మొక్కను ఏడాదిలోపే పూయించిన మాటా నిజమే. ఆవాల కుటుంబపు మొక్క నుంచి పూత జన్యువు తెచ్చి చొప్పించారు, మజ్జిగ పోయలేదు.

కుండీతో పోతే నవ్వి ఊరుకోవచ్చు. గింజ మొక్కను అంటు మొక్కని అంటగట్టే వ్యాపారికి ఈ వీడియోలే అండ. అప్పు చేసి బోరు వేసిన రైతుకు మోసం తెలిసేది ఐదో ఏట. ఆ ఐదేళ్లూ, ఆ వడ్డీ ఎవడిస్తాడు, మజ్జిగ పోయమన్నవాడా? చీనీ మొక్క కొనేముందు వంగి చూడండి. నేలకు జానెడెత్తున కాండం మీద అంటు గుర్తు లేకపోతే, ఎంత పచ్చగా ఉన్నా అక్కడే వదిలేసి రండి.