ఒక అంబారీ ఏనుగు ఆత్మకథ

నేను కొండపల్లి అంబారీ ఏనుగుని. పుట్టింది తెల్ల పొణికి కర్రలో. ఆ కర్ర పచ్చిగా ఉంటే పనికిరాదు. సన్నని సెగ మీద తడి ఆరాక తేలికవుతుంది, ఉలికి లొంగుతుంది. నా తొండాన్నీ కాళ్ళనీ అంబారీనీ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. సున్నం పూసి, ఆరాక సన్నని కుంచెతో రంగులు వేశారు. ఈ విద్య తెలిసిన కుటుంబాల పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని ఊళ్ళో చెప్పుకుంటారు. అంటే చేతిపని ఎంత దూరమైనా నడిచి రాగలదు, చెట్టు రాలేదు. కాబట్టి నా వాదన ఒక్కటే: కొండపల్లిని చూడవచ్చే యాత్రికుడి డబ్బు బొమ్మల కాలనీ కొట్ల దగ్గరే ఆగకూడదు, కొండ మీది పొణికి దాకా వెళ్ళాలి.

అమ్మకాలు పెరిగితే చాలదా అంటారు. చాలదు సరికదా, చెట్లు పెరగకుండా అమ్మకాలే పెరిగితే ముప్పు ముందే వస్తుంది. నన్ను చేయడానికి రోజులు చాలు, పొణికి ఎదగడానికి ఏళ్ళు కావాలి. ఇంకో కర్ర వాడుకోవచ్చుగా అని మరో ప్రశ్న. వాడొచ్చు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పి, లక్క రంగులు పట్టిస్తారు. అవీ అందమైన బొమ్మలే. కానీ వాటి నున్నని గుండ్రదనం ఆ కర్రా ఆ పనిముట్టూ ఇచ్చింది. నా తేలికదనం, నా చెవుల పల్చదనం పొణికి ఇచ్చినవి. కర్ర మారితే కళే మారిపోతుంది. భౌగోళిక గుర్తింపు ఉందిగా అనేవారూ ఉన్నారు. అది మరోచోటి సరుకు నా పేరుతో అమ్ముడవకుండా అడ్డుకోగలదు, ఒక్క మొక్కనైనా నాటలేదు.

యాత్రికుల తాకిడికి అడవి పాడవుతుందన్న భయంలో న్యాయముంది. అయితే 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెప్పే ఖిల్లా కోసం జనం ఎలాగూ కొండెక్కుతున్నారు. విజయవాడ నుంచి దూరం సుమారు 20 కిలోమీటర్లే. దారిలోనే ఇబ్రహీంపట్నం, 2015లో పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు కృష్ణలో కలిసిన చోటు. నదినీ ఖిల్లానీ బొమ్మల కాలనీనీ ఒక్క రోజులో చూసి వెళ్ళొచ్చు. దీనికోసం అడవిలోకి కొత్త బాటలు వేయనక్కర్లేదు. కొండ దిగువన పొణికి నర్సరీ ఒకటి పెట్టి, అటవీశాఖా బొమ్మలు చేసేవాళ్ళూ కలిసి నడిపితే, యాత్రికుల ఆదాయంలో కొంత దానికి కేటాయిస్తే సరిపోతుంది. అక్కడ మొక్కని చూసొచ్చిన మనిషికి కొట్లో నా ధర ఎందుకంతో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక, ఏడాదిలో ఎన్ని బొమ్మలు అమ్ముడయ్యాయన్న లెక్క పక్కనే ఎన్ని పొణికి మొక్కలు బతికాయన్న లెక్కా ఊరి మధ్య బోర్డు మీద రాయాలి. రెండో అంకె తగ్గిన ఏడాది, మొదటిది ఎంత పెరిగినా దాన్ని లాభమని నేను ఒప్పుకోను.